బొమ్మల ముందు ఈల వేయొచ్చా?

సినిమా హాల్లో ఈల ఎప్పుడు వేయాలో మనకెవరూ నేర్పలేదు. హీరో తెర మీదికి రాగానే వేళ్ళు వాటంతటవే నోట్లోకి పోతాయి. పాట నచ్చకపోతే బయటికెళ్ళి టీ తాగి వస్తాం. నచ్చితే మర్నాడు మళ్ళీ టికెట్ కొంటాం. ‘ఫోటోగ్రఫీ బ్రహ్మాండం, సెకండాఫ్ సాగదీశాడు’ అని హాలు మెట్ల మీదే తీర్పు చెప్పేస్తాం. ఎవరికీ భయపడం. అదే మనల్ని తీసుకెళ్ళి ఒక చిత్రశాలలో నిలబెట్టండి. చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు తగ్గించి, పరీక్ష హాల్లోకి వచ్చినట్టు బిక్కమొహం వేస్తాం. బాగుందంటే ఎందుకని అడుగుతారేమోనని భయం. అర్థం కాలేదంటే సిగ్గు!

నిజం చెప్పొద్దూ, నేనూ ఆ బాపతే. మొన్న చలికాలం దాకా.

మాది డోర్నకల్. జంక్షను ఊరు. ఇటు వరంగల్లు, అటు ఖమ్మం మీదుగా విజయవాడ, మరో పక్క కొత్తగూడెం లైను. రైళ్ళను చూస్తూ పెరిగినవాళ్ళం గనక ఎక్కడికో పోవాలన్న బుద్ధి ఎప్పుడూ ఉంటుంది. మా మేనల్లుడు, వాడి ఇద్దరు దోస్తులు ‘మామా, సినిమాల్ల చూసే గోదారిని ఒక్కసారన్న చూపియ్యి’ అని పట్టుబట్టారు. ‘మూగమనసులు’ (1964) గోదావరి, ‘అందాల రాముడు’ (1973) పడవ, ‘గోదావరి’ (2006) లాంచీ... ఇన్ని చెప్పి వాళ్ళ నోరూరించింది నేనే. తప్పేదేముంది! బయల్దేరే రోజు మా నాయిన కూడా చేతిసంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ‘నేను గూడ వస్త’ అన్నాడు. అంతే.

నాయిన గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆయన సినిమా బోర్డులు రాసేవాడు. మా ఊళ్ళో, మానుకోటలో, ఖమ్మం దాకా హాళ్ళకు బ్యానర్లు కట్టాడు. చిన్న స్టిల్లు మీద పెన్సిల్‌తో గళ్ళు గీసి, అవే గళ్ళు పెద్ద బట్ట మీద సున్నం దారంతో కొట్టి, ఒక్కో గడిలో ఉన్నదాన్ని ఇటునుంచి అటు ఎక్కించేవాడు. రామారావుగారి చెంపకు గులాబీ రంగు, మెడ కింద నీలం నీడ. గురువారం రాత్రంతా పెట్రోమాక్స్ వెలుతుర్లో పని, శుక్రవారం పొద్దున బోర్డు హాలు మీదికి. ఫ్లెక్సీలు వచ్చాక కుంచె కింద పెట్టాడు. మళ్ళీ ఎత్తలేదు. ‘గది కళ గాదురా, కూలి’ అంటుండేవాడు.

రాజమండ్రిలో దిగాం. పడవకు ఇంకా మూడు గంటలు టైముంది. ఎండలో తిరగడమెందుకని దామెర్ల రామారావు చిత్రశాలకు తీసుకెళ్ళాను. నిజానికి నీడ కోసమే! మేం వెళ్ళేసరికి క్యూరేటర్ గారు కొంతమందిని వెంటబెట్టుకుని బొమ్మలు చూపించడం మొదలుపెట్టారు. సినిమాకు డైరెక్టరెలాగో చిత్రశాలకు క్యూరేటరలాగ. ఏ బొమ్మ ఎక్కడుండాలి, దాని కథేమిటి, ఎలా కాపాడాలి, అన్నీ ఆయనే చూసుకోవాలి. ‘రండి రండి, మీరూ కలవండి’ అన్నారు. ఒక కుటుంబం, నలుగురు కాలేజీ అమ్మాయిలు, మేం అయిదుగురం. అంతా కలిసి పదిహేను మందిమి.

ఆయన వివరాలు చెబుతున్నారు. దామెర్ల రామారావు 1897 మార్చి 8న పుట్టారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిలోని విద్యను కనిపెట్టి ప్రోత్సహించారు. బొంబాయి జె.జె. స్కూల్లో చదువు. తర్వాత సొంత ఊరికి తిరిగొచ్చి 1923లో చిత్రకళాశాల పెట్టి కుర్రాళ్ళకు నేర్పారు. మేమందరం బుద్ధిగా తలలూపుతున్నాం. ఒక్కరి మొహంలోనూ కళ లేదు. మా వాడి దోస్తొకడు ధైర్యం చేసి అడిగాడు:

‘సార్, దీని ధర ఎంతుంటది?’

అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. క్యూరేటర్ గారు మాత్రం నవ్వలేదు. ‘అమ్మేది కాదు బాబూ, అందుకే ఇక్కడుంది’ అన్నారు. తర్వాత ఒక్క క్షణం ఆగి, ‘సరే, ఒక పని చేద్దాం. ఒక నిమిషం నేను మాట్లాడను. మీరు బొమ్మను చూడండి. ఏం కనిపించిందో చెప్పండి. తప్పు, ఒప్పు ఏం లేదు’ అన్నారు.

ఆ ఒక్క నిమిషంలో మా అందరి పని మారిపోయింది. అప్పటిదాకా ఆయన మాట విన్నాం. అప్పుడు బొమ్మ చూశాం.

ఎదురుగా ఉన్నది ‘సిద్ధార్థ రాగోదయం’. కుర్ర సిద్ధార్థుడు అందరికీ కానుకలిస్తున్నాడు. అన్నీ అయిపోయాక యశోధర వస్తుంది. కథ అది. మా మేనల్లుడు ఉండబట్టలేక, ‘ఇది ఇంటర్వెల్ సీను లెక్కుంది సార్!’ అన్నాడు. నేను వాడి కాలు తొక్కాను. క్యూరేటర్ గారు, ‘అదే కదండీ అసలు సంగతి! కథ మొత్తంలోంచి ఒక్క క్షణాన్ని ఎన్నుకోవాలి. ముందు జరిగింది, తర్వాత జరగబోయేది, రెండూ అందులోనే తెలియాలి. మీ సినిమాకు వేల ఫ్రేములున్నాయి. ఈయనకు ఒక్కటే’ అన్నారు. వాడి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఇంక చూడండి, నోళ్ళు తెరుచుకున్నాయి! ఆడవాళ్ళు పూలు సింగారించుకునే ‘పుష్పాలంకరణ’ దగ్గర కుటుంబంతో వచ్చిన చిన్నపాప ‘అమ్మా, అక్క జడ చూడు’ అంది. వాళ్ళమ్మ ‘మా అమ్మమ్మ ఇలాగే పెట్టేది పూలు’ అని, ఎందుకో కాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు. ఋష్యశృంగుడి బొమ్మకు 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి వచ్చిందని ఆయన చెప్పగానే, 1961లో ఇదే కథ సినిమాగా వచ్చిందని నేను అందించాను. తూర్పు కనుమల మధ్య గోదావరి బొమ్మ మాట వచ్చినప్పుడు మావాళ్ళకు ‘మూగమనసులు’ గుర్తుచేశాను. ఆ సినిమా రావడానికి ముప్పై తొమ్మిదేళ్ళ ముందే ఈ చిత్రకారుడు కన్నుమూశాడు. తెర మీద నలుపు తెలుపుల్లో నేను చూసిన నదిని, ఆయన అంతకు ముందే రంగుల్లో చూసిపెట్టాడు!

ఇంత సందడిలో నాయిన జాడ లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఒక బొమ్మకు ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడ్డాడు. ‘పెద్దాయనా, కొంచెం వెనక్కి’ అన్నారు క్యూరేటర్ గారు. నాయిన ఒక్క అడుగు వెనక్కి వేసి అడిగాడు:

‘సారూ, గీ చెయ్యి ఒక్కపాలి గీసిండా, దిద్దుకుంట గీసిండా?’

క్యూరేటర్ గారు ఒక్కసారి ఆయన వేళ్ళకేసి చూశారు. ‘మీరూ గీస్తారా?’ అన్నారు.

‘సినిమా బోర్డులు రాసేటోణ్ణి. ముఖం ఎవలన్న గీస్తరు సారూ. చేతులే కష్టం. మేం చేతులను పూలగుత్తి ఎనుకనో, తుపాకి ఎనుకనో దాస్తుంటిమి. ఈయన ఒక్కటి గూడ దాయలే.’

ఆయన మమ్మల్నందర్నీ ఒదిలేసి నాయినను రేఖాచిత్రాల దగ్గరికి తీసుకెళ్ళారు. పెద్ద బొమ్మ వేయడానికి ముందు మనిషి మెడ ఒంపు, వేళ్ళ మడత ఎన్నిసార్లు సాధన చేయాలో చెప్పారు. నాయిన చాలాసేపు చూశాడు. చివరికి, ‘మాకు శుక్రవారం ఉండె సారూ. ఈయనకు శుక్రవారం లేదు’ అన్నాడు.

‘ఈయనకూ ఉంది పెద్దాయనా’ అన్నారు క్యూరేటర్ గారు మెల్లిగా. ‘మశూచి వచ్చింది. 1925 ఫిబ్రవరి 6. ఇరవై ఎనిమిదేళ్ళు నిండడానికి ఇంకా నెల ఉంది.’

నాయిన ఏమీ అనలేదు. కుర్రాళ్ళు కూడా. వాళ్ళకంటే ఏ ఏడెనిమిదేళ్ళో పెద్దవాడు, అంతే!

మరి ఈ బొమ్మలన్నీ ఎలా మిగిలాయని అమ్మాయిల్లో ఒకరు అడిగారు. ఆయన భార్య సత్యవాణిగారు, మిత్రుడు వరదా వెంకటరత్నంగారు, తోటి శిష్యులు పట్టుదలగా ఒకచోట చేర్చి కాపాడారని చెప్పారు. ‘గీసినవాడు ఒక్కడైతే సరిపోదమ్మా, దాచినవాళ్ళుండాలి’ అన్నారు.

ఫిబ్రవరి 6 అనగానే నా సినిమా బుర్రలో గంట మోగింది. మన మొదటి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో విడుదలైంది కూడా ఫిబ్రవరి 6నే, 1932లో. సరిగ్గా ఏడేళ్ళకు. అన్నట్టు, కూల్డ్రే శిష్యుల్లోనే మరొకరైన అడివి బాపిరాజుగారు తర్వాత ‘మీరాబాయి’ (1940) వంటి సినిమాలకు కళాదర్శకత్వం చేశారు. రామారావు బతికుంటే ఆయనా సినిమాల్లోకి వచ్చేవారా? ఎవరు చెప్పగలరు! కానీ ఒక్కటి మాత్రం నిజం. ఆ కుర్రవాడి బొమ్మలు ఇవాళ్టికీ గోడల మీదున్నాయి. హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన మన తొలి టాకీ ప్రింటు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ఏటా ఆ రోజున మనం తెలుగు సినిమా పుట్టినరోజు చేసుకుంటాం. కానీ ఆ బిడ్డ ముఖం మనలో ఎవరం చూడలేదు!

బయటికొచ్చి టీ తాగుతున్నాం. నేను మాట్లాడకుండా కూచున్నాను. కారణం ఉంది. నాయిన రాసిన ఆఖరి బ్యానరు చాలా ఏళ్ళు మా ఇంటి అటక మీదే ఉండేది. ఒక ఏడు మిరపకాయలు ఆరబోయడానికి పరదా చాల్లేదు. ఆ బ్యానరు దింపి కళ్ళంలో పరిచింది నేనే. బొమ్మ వైపు పైకి పెట్టి మరీ! ఎండకు రంగు పెచ్చులూడి కాయల్లో కలిసింది. తర్వాత ఆ బట్ట ఏమైందో నాకు తెలియదు. ఆనాడు నాయిన చూసి ఒక్క మాటనలేదు.

ఇప్పుడూ కప్పు కింద పెడుతూ, నా వైపు చూడకుండా, ‘ఆ ఏడు మిరపకాయలు మంచిగ ఆరినయి’ అన్నాడు.

తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చాక నేనూ మేనల్లుడూ అటక దులిపాం, పెట్టెలు తిరగేశాం. ఒక్కటంటే ఒక్కటి దొరికింది, అరచేతిలో పట్టేంత స్టిల్లు. దాని మీద పెన్సిల్ గళ్ళు, ఒక మూల నాయిన వేలిముద్ర, ఎర్ర రంగులో. బ్యానరు పోయింది, గళ్ళు మిగిలాయి. దానికి ఫ్రేము కట్టించాం. నాయిన ‘పైసలు దండుగ’ అన్నాడు గానీ, వచ్చినవాళ్ళు దాన్ని చూస్తుంటే పక్కనే తచ్చాడుతుంటాడు.

ఆ ఆదివారం ఆయన కుర్రాళ్ళను వెంటబెట్టుకుని మా ఊరి పెద్ద చర్చికి పోయాడు. అదే, ఎపిఫనీ కెథెడ్రల్. బిషప్ అజరయ్యగారి కాలంలో కట్టి 1939లో తెరిచారు. రోజూ దాని ముందునుంచే పోతాం, ఒక్కనాడు తలెత్తి చూసింది లేదు. నాయిన వాళ్ళను బయట నిలబెట్టి, ‘ఒక్క నిమిషం ఎవలూ మాట్లాడకుండ్రి. ఏం కనబడ్డదో చెప్పుండ్రి’ అన్నాడు, అచ్చం క్యూరేటర్ గారిలాగే. ఒకడు ‘గుడి మంటపం స్తంభాల్లెక్క ఉన్నయి’ అన్నాడు. ఇంకొకడు ‘గా గుమ్మటాలు మసీదు లెక్క’ అన్నాడు. ‘మరి ఇన్నేండ్ల సంది గిది ఏడవోయింది తాతా?’ అన్నాడు మా మేనల్లుడు. ‘అది ఏడికీ పోలే. మీ కండ్లు పోయినయి’ అన్నాడు నాయిన.

ఇంతకీ ఈల సంగతి! రాజమండ్రిలో వచ్చేటప్పుడు మావాడు క్యూరేటర్ గారిని అడగనే అడిగాడు, ‘సార్, ఇక్కడ ఈల వేయొచ్చా?’ అని. ఆయన నవ్వి, ‘లోపల వద్దు బాబూ. గేటు దాటాక నీ ఇష్టం’ అన్నారు. గేటు దాటగానే వాడు వేసిన ఈలకు పక్క వీధి కుక్కలు కూడా లేచాయి.

మీ ఊళ్ళోనూ ఒకప్పుడు బోర్డులు రాసిన పెద్దాయన ఎవరో ఉండే ఉంటాడు. ఈసారి సినిమాకు పోయేటప్పుడు ఆయన ఇంటి మీదుగా పోండి. ఒక్క గుడ్డముక్క మిగిలినా చూపించమనండి. బాగుంటే బాగుందనండి. ముందైతే మిరపకాయల కింద ఏం పరిచారో ఒక్కసారి చూసుకోండి!