జేమ్స్ మాట నమ్మేశా

చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కొన్న గ్రాఫిక్స్ కార్డు పుణ్యమా అని సైలెంట్ హిల్ 2 పూర్తి చేశా (2001 నాటిది కాదు, 2024 రీమేక్). ఆడనివాళ్ళు ఇక్కడే ఆగండి, కథ చెప్పేస్తున్నా!

భార్య జబ్బుతో పోయిందంటాడు జేమ్స్. నమ్మేస్తాం. చివరికి చూస్తే చంపింది తనే.

ముగింపేమో మన ఆటతీరుని బట్టి మారుతుంది. గాయాలకి ఎప్పటికప్పుడు మందు వాడిన మా రూమ్మేటుకి జేమ్స్ ఊరు దాటి బయటపడ్డాడు. నాకు మాత్రం కారుతో సహా సరస్సులోకి పోయాడు. మందులు పొదుపు చేస్తున్నాననుకున్నా గానీ, బతకాలని లేనట్టు ఆడుతున్నానని ఆట లెక్కేసుకుంటోందని నాకేం తెలుసు?

"రిలీజ్ ఉందమ్మా, ఈ వారం రాలేను" అని మూడు నెలలుగా చెప్తున్నా. ఆ రిలీజ్ ఎప్పుడో అయిపోయింది. "తింటున్నావా?" అంటే "ఆఁ" అనేస్తా. అమ్మ నమ్ముతోందో లేదో మరి.