ఒంటరిగా వెయ్యి కిలోమీటర్లు

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు మీదుగా పోతుంది. చలికాలం వచ్చిందంటే ఆ రోడ్డు మీద వెనక సంచులు కట్టుకుని ఒంటరిగా సైకిలు తొక్కుతూ పోయేవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో నలభై అయిదు దాటినవాళ్లు తక్కువేం కాదు. పిల్లలు చదువులకు వెళ్లిపోయారు, ఇంటి లోను తీరింది, ఇప్పుడైనా మనకోసం ఒక పని చేసుకుందాం అనిపించే వయసు అది. ఈ ఊళ్లో ప్రాక్టీసు చేసే ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరికి ఇలాంటివాళ్లు వస్తుంటారు. కొందరు బయల్దేరే ముందు సర్టిఫికెట్ కోసం వస్తే, మరికొందరు దారిలో ఏదో అయి వస్తారు. రెండు రకాలవాళ్లనీ చూశాక డాక్టరుకు బాగా అర్థమైంది ఒకటే. నలుగురితో వెళ్తే మన ముఖం చూసి పక్కవాళ్లు ఆపుతారు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఆ పక్కమనిషి ఉండరు. కాబట్టి ఆ మనిషి చేయాల్సిన పనంతా ఇంటి దగ్గరే చేసి పెట్టుకుని బయల్దేరాలి.

బ్యాంకులో పనిచేసే యాభై రెండేళ్ల ఆయన ఒకరు వచ్చారు. కర్నూలు నుంచి కన్యాకుమారి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. రోజుకు ఎనభై తొక్కితే రెండు వారాల్లోపే చేరొచ్చని లెక్క వేసుకున్నారు. కొత్త సైకిలు కొన్నారు, సంచులు కొన్నారు, సెలవు కూడా పెట్టేశారు. అన్నీ అయ్యాక డాక్టరు గుర్తొచ్చారు.

"ఫిట్‌గా ఉన్నానని ఒక్క ముక్క రాసివ్వండి సార్, ఇంట్లో చూపించాలి."

డాక్టరు ముందు ఫ్లైఓవర్ల గురించి అడిగారు. ఎక్కేటప్పుడు ఎలా ఉంటోంది?

"దవడ కింద కొంచెం పట్టేసినట్టుంటుంది సార్. పైకెక్కి రెండు నిమిషాలు ఆగితే పోతుంది. గ్యాసే. పొద్దున్నే వట్టి టీ తాగి పోతాను కదా."

శ్రమ పడితే వచ్చి, ఆగితే పోయే పట్టును గ్యాసని వదిలేయకూడదు. ట్రెడ్‌మిల్ పరీక్షలో మూడు నిమిషాలకోసారి వేగమూ ఎత్తూ పెంచుతూ పోతారు. యాభై రెండేళ్ల మనిషికి గుండె నిమిషానికి 143 సార్లు కొట్టుకునేదాకా నడిపించడం మామూలు లెక్క. ఆయనకు అంతదాకా పోకుండానే ఈసీజీ మారింది. యాంజియోగ్రాంలో ఒక రక్తనాళం బాగా పూడుకుపోయి కనిపిస్తే స్టెంటు వేశారు. దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందనీ, మిగతా దేశాలవాళ్లకు దాదాపు 59 ఏళ్లకనీ ఇంటర్‌హార్ట్ అధ్యయనం తేల్చింది. ట్రెడ్‌మిల్ బాగున్నంత మాత్రాన గుండెకు పూర్తి పూచీ దొరికినట్టు కాదు. అందుకే మిషను కన్నా ముందు మనిషి నోటితో చెప్పే మాట కావాలి, అదీ దాచకుండా.

అలాగని యాభై దాటినవాళ్లు ఇంట్లో కూర్చోవాలని కాదు. ఇంగ్లాండులో ఒక బడికి ప్రధానోపాధ్యాయినిగా ఉన్న ఆన్ మస్టో 1983లో మన రాజస్థాన్ ఎడారిలో బస్సులో పోతూ కిటికీలోంచి ఒంటరి సైకిలిస్టునొకణ్ని చూశారు. 1987లో, 54 ఏళ్ల వయసులో, ఉద్యోగం వదిలేసి ఒంటరిగా ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరారు. అప్పటికి ఆమెకు పంక్చరు వేయడం కూడా రాదు. దాదాపు 12,000 మైళ్లు తొక్కి తిరిగొచ్చారు. ఫ్రాన్సుకు చెందిన సైకిలిస్టు రాబర్ట్ మార్షాన్ సంగతి ఇంకా అబ్బురం. 101 ఏళ్ల నుంచి 103 ఏళ్ల దాకా ఆయన చేసిన సాధనను శాస్త్రవేత్తలు కొలిచారు. ఒళ్లు ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం 13 శాతం పెరిగింది. ఆ సాధనలో నూటికి ఎనభై వంతులు తేలిగ్గా తొక్కిందే, గట్టిగా తొక్కింది ఇరవై వంతులే.

మన దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువమంది దీనికి తలకిందులుగా చేస్తారు. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం ఒక్కసారిగా వంద కిలోమీటర్లు తొక్కేస్తారు. ఇంకో మూడు నెలలు టైముంటే డాక్టరు చెప్పే పద్ధతి సులువు. వారంలో నాలుగు రోజులు, ఫోన్లో మాట్లాడుతూ కూడా తొక్కగలిగే వేగంతో తొక్కాలి. దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుకోవాలి. చివరి నెలలో సంచుల బరువంతా కట్టుకుని వరసగా రెండేసి రోజులు తొక్కి చూడాలి. మొదటి రోజు ఎవరైనా తొక్కేస్తారు. మర్నాడు పొద్దున సీటెక్కినప్పుడు ఒళ్లేమంటుందో అదే అసలు పరీక్ష.

నలభై ఏడేళ్ల టీచరమ్మ ఒకామె అలా సాధనలో ఉండగానే ఒక సంగతి బయటపడింది. ఆమెకు షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. ఆలంపూర్ జోగులాంబ గుడి దాకా వెళ్లి తిరిగొస్తూ టీ బంకు దగ్గర నీళ్ల సీసా కొన్నారు. తిరిగొచ్చిన చిల్లర అరచేతిలో పెట్టుకుని ఒకసారి లెక్కపెట్టారు, రెండోసారి లెక్కపెట్టారు, తేలలేదు. లెక్కల టీచరు ఆమె. బంకతని మీద కసురుకున్నారు కూడా. నుదుటి మీద చల్లటి చెమట చూసి అతనే కూర్చోబెట్టి చక్కెర ఎక్కువేసి టీ ఇచ్చాడు. పావుగంటలో మామూలు మనిషయ్యారు.

మెదడుకు ప్రధానమైన ఇంధనం గ్లూకోజు. అది పడిపోయినప్పుడు ముందు దెబ్బ తినేది, పడిపోయిందని గుర్తించాల్సిన బుద్ధే. గ్లిమెపిరైడ్ ఒంట్లో ఇన్సులిన్‌ను ఊరించే మందు. దానికి గంటల తరబడి శ్రమ తోడైతే చక్కెర ఇంకా కిందికి పోతుంది. ఆ ప్రభావం అర్ధరాత్రి నిద్రలో కూడా కనిపించవచ్చు. డాక్టరు ఆ మాత్ర మోతాదు తగ్గించారు. బయల్దేరేముందు గ్లూకోమీటరులో 90 కన్నా తక్కువుంటే తినకుండా సైకిలెక్కొద్దన్నారు. ఆకలేసినా వేయకపోయినా ముప్పావు గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకోమని ఫోనులో అలారం పెట్టించారు. ఆ అలారమే ఆమెకు పక్కమనిషి.

మరొక కేసు దారినపోయే ప్రయాణికుడిది. ఉత్తరాది నుంచి వస్తున్న యాభై ఎనిమిదేళ్ల మనిషి. మోకాలిచిప్ప ముందు నొప్పి. ఏదో ఊళ్లో మందుల షాపులో చీటీ లేకుండానే డైక్లోఫెనాక్ కొనుక్కుని పొద్దునా సాయంత్రం వేసుకుంటున్నారు. వాంతులు మొదలై, మూత్రం బాగా తగ్గి చిక్కబడితే ఆస్పత్రిలో చేరారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిపోయింది. నీరు తగ్గిన ఒంట్లో ఈ రకం నొప్పి మాత్రలు కిడ్నీకి చేరే రక్తాన్ని ఇంకా తగ్గించేస్తాయి. సెలైన్లు పెట్టి, మాత్రలు ఆపిస్తే అదృష్టవశాత్తు కిడ్నీలు కోలుకున్నాయి. మోకాలి సంగతి ఆస్పత్రి షెడ్డులో నిలబెట్టిన ఆయన సైకిలు దగ్గర తేలింది. సీటు గొట్టం బిగింపు వదులై, సీటు కొద్దికొద్దిగా కిందికి దిగిపోయింది. సీటు మీద కూర్చుని, పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి. ఆయన మోకాలు బాగా వంగే ఉంది. అంటే ఆ నొప్పికి కావాల్సిన మందు స్పానరే.

దారిలో గమనించుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. చిటికెన వేలు, దాని పక్క వేలిలో సగం మొద్దుబారితే హ్యాండిల్ ఒత్తిడికి అరచేతిలో నరం నలుగుతోందని అర్థం. చేతులు మార్చి మార్చి పట్టుకోవాలి, మెత్తటి గ్లవ్స్ వేసుకోవాలి. చొక్కా గుండీ పెట్టుకోలేని స్థితి వచ్చిందంటే ప్రయాణం అక్కడ ఆపాల్సిందే. కూర్చునే చోట తిమ్మిరెక్కితే సీటు మార్చాలి, పది పదిహేను నిమిషాలకోసారి పెడళ్ల మీద లేచి నిలబడి తొక్కాలి. మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్రలు వాడేవాళ్లు ఎండలో ప్రయాణానికి ముందు మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడుకోవాలి, సొంతంగా ఆపకూడదు. వట్టి నీళ్లే అదేపనిగా తాగినా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన వాళ్లలో 13 శాతం మందికి అది తగ్గి కనిపించింది. దాహానికి తగ్గట్టు తాగితే చాలు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కాదు.

డాక్టరు ఇచ్చే కాగితం మీద ఫిట్ అనే మాటతో పాటు వాడే మందుల పేర్లు, పడని మందులు, బ్లడ్ గ్రూపు, ఇంటి నంబరు ఉంటాయి. అది జేబులోనే ఉండాలి, సంచిలో కాదు. వెనక వైపు 108, జాతీయ రహదారుల సహాయ నంబరు 1033 రాసి ఉంటాయి. వాటి కింద ఎప్పుడు ఆగిపోవాలో ఉంటుంది: ఛాతీలోగానీ దవడలోగానీ పట్టు, మాట తడబాటు, ఎండలో చెమట ఆగిపోయి తల తిరగడం, పొద్దుటి నుంచి మూత్రం రాకపోవడం. రోడ్డు మీద వీటి గురించి ఆలోచించే పని పెట్టుకోవద్దు, కనిపించిన మరుక్షణం ఆగిపోవాలి.

టీచరమ్మ సంక్రాంతి సెలవుల్లో బయల్దేరారు. రోజుకు అరవై కిలోమీటర్ల చొప్పున డోన్, గుత్తి, అనంతపురం దాటారు. పెనుకొండ దగ్గర పొద్దున మీటరు 68 చూపించింది. తిని, మళ్లీ చూసుకుని, ఆ రోజుకు లాడ్జిలోనే ఉండిపోయారు. బెంగళూరు చేరి సైకిలును రైల్లో వేసుకుని ఇంటికొచ్చారు. బెంగళూరు నుంచి కన్యాకుమారి దాకా మిగిలిన దారికి వచ్చే సంక్రాంతి అనుకున్నారు. దానికి మూడు నెలల ముందే వచ్చి మాత్రల మోతాదు మళ్లీ చూపించుకుంటానని రిసెప్షన్‌లో తేదీ రాయించుకుని వెళ్లారు.