చెల్లే బిళ్ళ – చెల్లని మాట

మన గోడ పత్రికలో చెట్ల గురించి, నీళ్ళ గురించి, చదువు గురించి ఎందరో మంచి మంచి విషయాలు రాశారు. నేను మాత్రం పది రూపాయల బిళ్ళ గురించి రాద్దామనుకుంటున్నాను. ఇదేం విషయం అని నవ్వకండి. మా వైపు సంతలో ఆ బిళ్ళకు జరిగే అవమానం మనిషికి జరిగితే ఈపాటికి ధర్నాకి కూర్చునేవాడు.

బిళ్ళ చేతిలో పెట్టగానే "ఇది చెల్లదు" అంటారు. ఎవరు చెప్పారండీ అంటే "అందరూ అంటున్నారు" అంటారు. ఈ "అందరూ" అనే ఆయన ఏ ఊరివాడో, ఏ పార్టీవాడో నాకింతవరకు కనబడలేదు. కనబడితే ఆయన్నే ఎమ్మెల్యేగా నిలబెట్టాలి. జనం ఆయన మాట నమ్మినంతగా ఇంకెవరి మాటా నమ్మరు మరి.

అసలు గొడవంతా గీతల దగ్గర వచ్చింది. రూపాయి గుర్తు ఉండి పది గీతలున్నది మంచి బిళ్ళట. గుర్తు లేకుండా పదిహేను గీతలున్నది దొంగ బిళ్ళట. కొన్నాళ్ళకు గీతలు లెక్కపెట్టే ఓపిక కూడా పోయి, అన్నీ చెల్లవనేశారు. చెల్లని కాసుకు గీతలెక్కువ అని పెద్దలు ఏదో సామెత చెబితే, మనవాళ్ళు దాన్నే చట్టం చేసి కూర్చున్నారు.

నిజమేమిటో చూద్దాం. రూపాయి గుర్తు నాణేల మీదికి వచ్చింది 2011లో. అంతకు ముందు తయారైన వాటి మీద ఆ గుర్తు ఎలా ఉంటుంది? నాణెం నోటులాగ చిరగదు, నలగదు. ఏళ్ళ తరబడి చేతులు మారుతూనే ఉంటుంది. అందుకే పాత రూపమూ, కొత్త రూపమూ పక్కపక్కనే కనబడతాయి. అప్పటిదాకా వచ్చిన 14 రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న ప్రకటన ఇచ్చింది. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆ పైన విలువ గల నాణేలతో వెయ్యి రూపాయల దాకా చెల్లించవచ్చు. మన స్కూల్లో ఒకడు పాత యూనిఫాం, ఇంకొకడు కొత్త యూనిఫాం వేసుకొస్తే, అందులో ఒకడు దొంగ విద్యార్థి అంటామా?

అలాగని జనాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. 2011 జూన్ 30తో పావలా చెల్లకుండా పోయింది, అది నిజం. 2016 నవంబరు 8 రాత్రి పాత ఐదువందల నోటూ, వెయ్యి నోటూ రద్దు చేశామన్నారు, అదీ నిజం. పాము కరిచినవాడికి తాడును చూసినా గుండె దడే కదా! ఆ తర్వాత వచ్చిన రెండువేల నోటులో చిప్పు ఉందనీ, భూమిలో పాతిపెట్టినా పైనుంచి కనిపెట్టేస్తారనీ చెప్పుకున్నారు. చిప్పు ఎవరికీ దొరకలేదు. చివరికి 2023 మే 19న ఆ నోటునే వెనక్కి తీసుకుంటున్నామని రిజర్వు బ్యాంకు చెప్పింది. మా ఊళ్ళో చాలామంది ఆ నోటునే కళ్ళారా చూడలేదు, ఇంక చిప్పు ఎక్కడ చూస్తారు?

ఇప్పుడు నవ్వు కాస్త ఆపి ఒక సంగతి వినండి. మా అవ్వ కొండచీపుర్లు కట్టలు కట్టి సంతకు మోసుకెళ్ళింది. కొన్న షావుకారు నోట్లతో పాటు రెండు పది బిళ్ళలు చేతిలో పెట్టాడు. అవ్వ వద్దంటే "గవర్నమెంటు డబ్బులే, తీసుకోవే" అన్నాడు. కాసేపటికి ఆ షావుకారు దగ్గరే ఉప్పు, ఎండుచేపలు కొని ఆ బిళ్ళలే ఇస్తే "ఇవి చెల్లవు" అన్నాడు. "ఇందాక నువ్వే కదా ఇచ్చినావు బాబూ, ఇంతలోకి ఏటైపోనాది దానికి?" అని అడిగింది అవ్వ. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. బిళ్ళలు మాత్రం ఎవరూ తీసుకోలేదు. షావుకారు ఇరవై రూపాయల ఎండుచేపలు తీసేసి మిగిలినవి ఇచ్చాడు.

గమనించారా? ఇచ్చేటప్పుడు చెల్లింది, పుచ్చుకునేటప్పుడు చెల్లలేదు. అంటే షావుకారు పుకారును నమ్మలేదు, వాడుకున్నాడు. బలమున్నవాడు వద్దంటాడు. వద్దనే బలం లేనివాడి కొంగులో బిళ్ళలు ఆగిపోతాయి. పుకారు ఎక్కడ పుడుతుందో తెలీదు గాని, దాని ఖర్చు మాత్రం ఎప్పుడూ మా అవ్వలాంటి వాళ్ళే కడతారు. ఇరవై రూపాయలంటే కొందరికి చిల్లర, మా ఇంట్లో ఒక పూట కూర.

ఇంకో చిత్రం చెప్పనా? ఐదేళ్ళకొకసారి జీపులు వేసుకుని వచ్చి రోడ్డు వేస్తాం, వంతెన కడతాం అంటారు. ఆ మాట మీద ఎన్ని గీతలున్నాయో ఎవరూ లెక్కపెట్టరు. ప్రభుత్వ టంకశాలలో ముద్ర పడిన బిళ్ళను తిప్పి తిప్పి చూస్తాం. ఏ ముద్రా లేని మాటను మాత్రం కళ్ళు మూసుకుని పుచ్చుకుంటాం. సంతలో చూపించే అనుమానంలో సగం మీటింగులో చూపిస్తే మన ఊళ్ళకు ఎప్పుడో రోడ్లు వచ్చేవి.

కనుక మిత్రులారా, ఈసారి ఎవరైనా "అందరూ అంటున్నారు" అంటే "ఎవరన్నారు? ఎక్కడ రాసుంది?" అని మర్యాదగా అడగండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు రిజర్వు బ్యాంకు చెప్పిన మాటను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, తేదీ వేసి, సంతలో నలుగురూ చూసేచోట అంటించండి. గోడ పత్రిక రాసే చేతులకు అదొక పనా?

అందాకా మీ ట్రంకు పెట్టెల్లో పది బిళ్ళలు మూలుగుతుంటే మొహమాటపడకుండా నా దగ్గరకు తెచ్చేయండి. వాటిని చెల్లించే పూచీ నాది. వాటితో కొన్న జీళ్ళు తినే పూచీ కూడా నాదే!

– 9వ తరగతి విద్యార్థి