మిశ్రసమాసం – వైరిసమాసం



మా చిన్నవాడు కాలిఫోర్నియాలో ఉంటాడు. గడచిన ఆదివారం ఫోనులో ముఖాముఖి మాట్లాడుతూ, "నాన్నగారూ, ఒక పాత కారు కొందామనుకుంటున్నాను, మీరేమంటారు?" అని ఒక బొమ్మ చూపించాడు. బీఎండబ్ల్యూ ఐ8 రోడ్‌స్టర్ అట. తలుపులు రెక్కల వలె పైకి లేస్తాయి. నేల నుంచి జానెడు ఎత్తైనా లేదు. వెనుక పెట్రోలు ఇంజను, ముందు చక్రాలకు విద్యుత్ మోటారు, రెండు సీట్ల నడుమ పొడవునా బ్యాటరీ. బట్టతో చేసిన పైకప్పు పదిహేను క్షణాలలో ముడుచుకుంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగం వరకు నడుస్తూనే ముడవవచ్చు. ఈ కారు తయారీ 2020లోనే నిలిచిపోయింది గనుక పాతది తప్ప దొరకదు.

తెలుగు పండితునికి కార్లతో ఏమి పని అంటారా? 'హైబ్రిడ్' అన్న మాట వినగానే నాకు చిన్నయసూరి గుర్తుకువచ్చాడు. సమాసాలు సాంస్కృతికము, ఆచ్ఛికము, మిశ్రము అని మూడు విధాలని బాలవ్యాకరణం చెబుతుంది. పెట్రోలూ విద్యుత్తూ కలిసిన ఈ వాహనం మిశ్రసమాసమే. రెండు పదాలూ ఒద్దికగా కుదిరితే మిశ్రసమాసం, కుదరకపోతే వైరిసమాసం.

ఇంజనుకూ బ్యాటరీకీ పొత్తు కుదిరిందనే అనుకుందాం. అధిక వోల్టేజీ తీగలకు నారింజరంగు తొడుగు వేస్తారు. గుద్దుకున్నప్పుడు ఆ ప్రవాహం దానంతటదే తెగిపోయే ఏర్పాటు ఉంటుంది. పైకప్పు లేని కార్లకు ముందు అద్దపు చట్రాన్ని గట్టిచేసి, బోల్తాపడినా తలలకు రక్షణ ఉండేలా సీట్ల వెనుక ఆధారాలు అమరుస్తారు. అంటే భద్రతను గూర్చి ఆలోచించక చేసిన బండి కాదు. మరి చిక్కెక్కడ?

ఆ కారులో ఉన్నవి రెండే సీట్లు. మా మనవడికి నాలుగో నెల. ఆ వయసు పిల్లలను వెనుకకు తిరిగి ఉండే కుర్చీలో కూర్చోబెట్టాలి. పనిచేసే గాలిసంచి ఎదుట ఆ కుర్చీ ఉంచరాదు. పదమూడేళ్లలోపు పిల్లలు వెనుక సీట్లోనే కూర్చోవాలని అక్కడి వారి హితవు. వెనుక సీటే లేని కారులో కోడలెక్కడ, పసివాడెక్కడ? ఇంటికీ ఆ కారుకూ కుదిరేది వైరిసమాసమే.

ఈ మాట చెప్పబోయి ఆగిపోయాను. 1994లో సంతోష్‌నగర్ నుంచి సైదాబాద్ మీదుగా స్కూటరు నడిపేవాణ్ణి. ముందు చిన్నవాడు నిలుచునేవాడు, వెనుక మా ఆవిడ, మధ్యలో పెద్దవాడు. ఎవరి తలకూ హెల్మెట్ లేదు. ఒకనాడు వానలో నేను తొందరపడి మలుపు తిప్పగా బండి జారింది. ఐదేళ్ల చిన్నవాడి గడ్డం హ్యాండిలుకు తగిలి చీలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఫోను తెరమీద కనిపిస్తుంది. నాలుగేళ్లు దాటిన వారందరికీ హెల్మెట్ ఉండాలని చట్టం 2019లో సవరించారు గాని, నాకు బుద్ధి రావడానికి చట్టం కావలసి ఉండెనా? నలుగురిని ఒక స్కూటరు మీద ఎక్కించినవాడు ఇద్దరి కారుకు వంక పెట్టడం ఏ న్యాయం?

ఆ సంగతే వాడితో అన్నాను. వాడు నవ్వి, "ఆ స్కూటరు ముందు నిలబడినప్పుడు ముఖానికి కొట్టిన గాలే నాన్నగారూ, నేను ఇన్నాళ్లూ వెతుక్కుంటున్నది" అన్నాడు.

నా నోట మాట రాలేదు. నేను అపాయమనుకున్నది వాడికి ఆనందమైంది. రెండూ నిజమే. ఆనందం నిజమైనంత మాత్రాన అపాయం అబద్ధం కాలేదు.

చివరకు ఇలా చెప్పాను: "ఒక రోజుకు అద్దెకు తెచ్చుకో. కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని సముద్రతీరం వెంట వెళ్లిరా. మేము వచ్చినప్పుడు మనవడిని మేము చూసుకుంటాం. ఇంటికి మాత్రం నాలుగు తలుపులున్నది కొను. హైబ్రిడ్డే కావాలంటే అందులోనూ దొరుకుతుంది."

"ఆలోచిస్తాను" అన్నాడు. మా ఆవిడ ఫోను అందుకుని, "గడ్డం మచ్చ మీద మీ నాన్నగారు ఇప్పటికీ నిద్రపోరురా" అంది. అది నేనెన్నడూ ఆమెతో చెప్పలేదు.

వాడింకా ఏ కారూ కొనలేదు. మీరైతే ఏమని చెప్పి ఉందురు?