పువ్వుల ముక్కలు

మా ఇంట్లో పేకముక్క ఎన్నడూ అడుగు పెట్టలేదు. జూదం హరామ్. పందెం లేకపోయినా ముక్క ముట్టొద్దనే ఉలమాలున్నారు. మా అబ్బా వాళ్ల మాటే పట్టుకున్నాడు. సంక్రాంతి మూడు రోజులూ పక్కింటి అరుగు మీద పేకాట సాగుతుంటే మేం కిటికీలోంచి చూసేవాళ్లం. చూడ్డం కూడా గునాయేమోనని భయపడుతూనే చూసేవాళ్లం.

అలాంటి మేం పేకాట నేర్చుకున్నది కొరియా సీరియళ్లలో. అక్కచెల్లెళ్లం ముగ్గురం, ఒకటే ఫోను. ఇషా నమాజు అయ్యాక అమ్మీ కూడా వచ్చి చేరేది. సీరియల్లో ఓ ముసలామె నేలమీద దుప్పటి పరిచి, చిన్న చిన్న ముక్కల్ని ఠప్పున కొడుతుంది. "యా అల్లా, నానీలు కూడా జూదమాడతారా!" అని అమ్మీ బుగ్గలు నొక్కుకుంది. మర్నాడు మాత్రం "ఆ ముసలామె గెలిచిందా?" అని తనే అడిగింది.

ఆ ముక్కల పేరు హ్వాతు. పువ్వుల పోరు అని అర్థం. రాజూ రాణీ ఇస్పేటూ ఏమీ ఉండవు. నెలకు 4 చొప్పున 12 నెలలకు 48 ముక్కలు. జనవరికి పైన్ చెట్టు, కొంగ. ఆగస్టుకు కొండమీద నిండు చందమామ. అక్టోబరుకు ఎర్రటి ఆకులు, లేడి. ఎక్కువగా ఆడే ఆట 'గో-స్టాప్'. చేతిలో ముక్క వేసి, నేలమీదున్న అదే నెల ముక్కను తీసుకోవాలి. ముగ్గురాడితే 3 పాయింట్లకు 'స్టాప్' అని డబ్బు తీసుకోవచ్చు. లేదంటే 'గో' అని ఇంకా ఆశపడొచ్చు. ఆశపడ్డాక వేరొకరు గెలిస్తే, ఓడిన రెండోవాడి బాకీ కూడా మన నెత్తినే పడుతుంది. ఖురాన్ జూదాన్ని ఎందుకు వద్దన్నదో మాకు ఈ ఒక్క నియమంతో బాగా తెలిసొచ్చింది.

మా నిద్ర చెడగొట్టిన సంగతి వేరే. ఈ ముక్కలు అసలు కొరియావే కావు. జపాన్ హనాఫుడా. 1910 నుంచి 1945 దాకా కొరియాను తొక్కిపెట్టిన జపానువి. ఆ జపానుకు పేక వెళ్లింది 16వ శతాబ్దంలో, పోర్చుగీసు వాళ్లతో. ఇవాళ వీడియో గేములమ్మే నింటెండో 1889లో క్యోటోలో పుట్టింది ఈ పువ్వుల ముక్కలు చేయడానికే. ఐదు పిట్టలున్న మూడు ముక్కలు చేరితే 'గోదోరి' అని అరుస్తారు కదా, ఆ మాట కూడా జపానుదే. కొరియాకు తుజాన్ అని సొంత పేక ఉండేది, పొడుగాటి కాగితప్పట్టీలతో. అది మూలపడింది. సొల్లాల్‌కీ చుసోక్‌కీ ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడేది ఏలినవాడి ముక్కలతోనే. నవంబరు, డిసెంబరు పువ్వుల్ని మాత్రం తారుమారు చేసుకున్నారు. సొంతమైపోయాయి.

మరి మేం? బళ్లో తెలుగు చెప్పిన మాస్టారే "మీవాళ్లు ఎక్కణ్నించొచ్చార్రా?" అని అడిగాడు. ఆ అరుగు మీది ఇస్పేటు రాజును ఎవరైనా అడిగారా ఏ దేశమని? 1527లో బాబర్ సింధులోని షా హసన్‌కు గంజీఫా ముక్కలు పంపాడని బాబర్‌నామాలో ఉంది. ఆ గుండ్రటి ముక్కల మీదే తర్వాత మత్స్యం, కూర్మం, వరాహం ఎక్కాయి. పది అవతారాలకు 120 ముక్కలు. ముక్కకు దొరికిన చోటు మనిషికి దొరకదా?

పాత శుభలేఖల అట్టలు కత్తిరించి మేమే 48 ముక్కలు చేసుకున్నాం. కొంగ బాతులా వచ్చింది. లెక్కకు చింతగింజలు. ఒకరోజు అసర్ వేళ అబ్బా రానే వచ్చాడు. ఆగస్టు ముక్క తీసి వెలుతురులో పెట్టి చూశాడు.

"ఇదేంటి, ఈద్ చాందా?"

"కాదబ్బా. పద్నాలుగో రాత్రి చాంద్."

"పందెం?"

"చింతగింజలు."

ఏమీ అన్లేదు. అన్నీ పోగేసి, రబ్బరు బ్యాండు వేసి బీరువా మీద పెట్టాడు. చింపలేదు. దించమని మేమూ అడగలేదు. మొన్న బీరువా మీద దుమ్ము దులుపుతూ అమ్మీ ఒక ముక్క తెచ్చి మా చేతిలో పెట్టింది, కింద పడిందని. రబ్బరు బ్యాండు మాత్రం తెగలేదు.