తూకం తేడా, గెలుపు విలువ

"చిన్నోణ్ని కొట్టి గెలిస్తే అదేం గొప్ప?" మా పక్క పల్లెల్లో తరచుగా వినపడే మాట ఇది. ఓడినవాడు ఊరట కోసం అంటాడు. చూసేవాళ్ళు గెలిచినవాణ్ని తగ్గించడానికి అంటారు. మేము నల్లమల అంచున చెంచు పిల్లలకు చదువు చెప్పే చెంచులం. ఈ మాటను ఊరికే వదిలేయలేం. మా పిల్లలు చాలాసార్లు ఆ 'చిన్నోడి' చోటులోనే నిలబడాల్సి వస్తుంది.

కర్నూలు, కడప తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూడనివాళ్ళు తక్కువ. పాలపండ్ల ఎద్దులకు ఒక పందెం, రెండు పండ్లవాటికి ఒకటి, నాలుగు పండ్లవాటికి ఇంకొకటి. ఆరు పండ్ల కాడిని తెచ్చి పాలపండ్ల పందెంలో కడతానంటే ఊరంతా అడ్డం తిరుగుతుంది. ఎద్దుల దగ్గర మన రైతు పాటించే ఈ న్యాయమే బాక్సింగ్‌లో తూకం.

ఆ తూకం సరిగా కుదరకపోతే ఏమవుతుందో మేరీ కోమ్ చూసింది. మణిపూర్‌లో కోమ్ తెగ బిడ్డ ఆమె. 2012 నాటికే ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఆ ఐదూ 45 నుంచి 48 కిలోల విభాగాల్లో గెలిచినవే. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ బాక్సింగ్ మొదటిసారి పెట్టింది ఆ ఏడాది లండన్‌లోనే. పెట్టినవి మూడే విభాగాలు: 51, 60, 75 కిలోలు. 48 లేదు. తనకంటే ఒళ్ళు పెద్దవాళ్ళతో తలపడక తప్పలేదు. సెమీఫైనల్లో ఇంగ్లండుకు చెందిన నికోలా ఆడమ్స్ చేతిలో 11-6తో ఓడి కాంస్యం తెచ్చుకుంది.

మరి ఆడమ్స్‌కు ఎంత పేరు ఇవ్వాలి? పిల్లల ముందు ఈ ప్రశ్న పెడితే తరగతి రెండుగా చీలిపోతుంది. మేము మూడు విషయాలు ఆలోచించమంటాం. మొదటిది, చిన్నదాన్ని ఆమె ఏరుకుందా? లేదు, ఆ విభాగమే ఆమెది. రెండోది, ఒళ్ళు ఒక్కటే గెలిపించిందా? చెయ్యి పొడవైతే దూరం నుంచే కొట్టవచ్చు, పొట్టివాళ్ళు దెబ్బలు తింటూ లోపలికి చొరబడాలి. ఇది నిజమే. కానీ ఆ దూరాన్ని నిలుపుకోవాలంటే కాళ్ళు ఆడాలి, కళ్ళు పనిచేయాలి. అది సాధనతో వచ్చేది. మూడోది, ఆ తర్వాత ఆమె ఏం చేసింది? అంతకుముందు రెండు ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనళ్ళలో తనను ఓడించిన చైనా బాక్సర్ రెన్ కాన్‌కాన్‌ను లండన్ ఫైనల్లో 16-7తో ఓడించింది. కాబట్టి ఆడమ్స్ పేరులో కోత పెట్టనక్కరలేదు. తప్పు గెలిచినామెది కాదు, 48 కిలోలకు చోటివ్వని నిబంధనది. అలాగని మేరీ కాంస్యాన్ని ఉత్త మూడో స్థానంగా రాసుకోవడం కూడా న్యాయం కాదు.

చిన్నవాళ్ళు ఎప్పుడూ ఓడతారని కూడా కాదు. 2019 డిసెంబరులో ఢిల్లీలో 51 కిలోల ట్రయల్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ను మేరీ 9-1తో ఓడించింది. అప్పటికి మేరీకి ముప్పై ఆరేళ్ళు దాటాయి, నిఖత్‌కు ఇరవై మూడు. అక్కడ అనుభవం వయసును గెలిచింది. ఓడిన నిఖత్ ఆగిపోలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల ప్రపంచ ఛాంపియన్ అయింది.

ఇక మా సంగతి. బడుల ఆటల పోటీల్లో పిల్లల్ని చాలావరకు వయసు చూసి విడదీస్తారు. గూడెంలో అరకొర తిండితో పెరిగిన పద్నాలుగేళ్ళ పిల్లవాడూ, పట్నంలో గుడ్డూ పాలూ తిన్న పద్నాలుగేళ్ళ పిల్లవాడూ కాగితం మీద ఒకటే. బరిలో కాదు. చదువు పోటీలోనూ అంతే. రిజర్వేషన్‌ను దానమనేవాళ్ళకు మేము చెప్పే జవాబు ఇదే: అది తూకం విభాగం. 48 కిలోల్లో గెలిచిన పతకాన్ని ఎవరూ దొంగ పతకం అనరు.

అయితే ఈ తక్కెడ మా వైపు కూడా తిరుగుతుంది. మాలో చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళం ఉన్నాం. మా ఇళ్ళలో పుస్తకముంది, నెల తిరిగితే జీతముంది. గూడెంలో తేనెకు, కూలికి పోయేవాళ్ళ పిల్లలతో ఒకే సీటుకు మా పిల్లలు పోటీ పడితే, ఆ బరిలో పెద్ద ఒళ్ళు మా పిల్లలదే. వాళ్ళు గెలిస్తే కష్టపడ్డారనే అంటాం, అది అబద్ధం కాదు. కానీ ఎదుటి పిల్లవాడు ఎక్కడ నుంచి మొదలుపెట్టాడో కూడా అదే నోటితో చెప్పాలి.

అందుకే తోటి ఉపాధ్యాయులకు మా మాట ఒకటి. గెలిచిన పిల్లవాణ్ని "చిన్నోణ్ని కొట్టావు" అని చిన్నబుచ్చకండి, వాడి సాధనను మెచ్చుకోండి. ఓడిన పిల్లవాడికి తూకం తేడా ఎంతో విడమరిచి చెప్పండి, అది సాకుగా మారకముందే మళ్ళీ సాధనకు పిలవండి. తర్వాత పోటీ పెట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఈ పిల్లలకు సరైన విభాగం ఎందుకు లేదని అడగండి. ఆ అడిగే పని పిల్లలది కాదు, మనది.