వేణ్ణీళ్లకు చన్నీళ్లు

చలికాలం పొద్దున్నే షవరు కింద నేరుగా నిలబడే ధైర్యవంతుణ్ణి నేనింతవరకూ చూడలేదు. చూసే వీలూ లేదనుకోండి. కానీ లోపల అందరూ చేసేది ఒకటేనని నా నమ్మకం: గోడకి ఆనుకుని, ఒంటిని వీలైనంత వెనక్కి లాక్కుని, చెయ్యి మాత్రం ధార కిందికి చాపడం. నీళ్లు మంచులా ఉంటాయి. ఎర్రచుక్క వైపు తిప్పితే ఇంకా అంతే. ఇంకాస్త తిప్పుతాం. అప్పుడు మొదట తిప్పినదీ, తరవాత తిప్పినదీ కలిసొచ్చి ఒక్కసారిగా చురుక్కుమంటాయి.

తప్పు కుళాయిది కాదు, దూరానిది. గీజరు నెత్తిమీదే ఉంటే మధ్య గొట్టంలో ఆగిన చన్నీళ్లు గ్లాసెడు. డాబా మీది సోలార్ హీటరైతే, ఇరవై మీటర్ల అరంగుళం పైపులో రెండు లీటర్లకు పైనే చల్లారి కూర్చుంటాయి. అవి పోయేదాకా మన చేతికి జవాబు రాదు. ఆ లోపల మనకు ఓపిక ఉండదు.

పైగా మిక్సర్‌కి వేడంటే ఏమిటో తెలియదు. ఎటునుంచి ఎన్ని నీళ్లు వదలాలన్నదే దాని పని. సింగిల్ లివర్ కుళాయి విప్పితే లోపల చిన్న ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్, అందులో రెండు సెరామిక్ బిళ్లలు ఉంటాయి. కింది బిళ్ల కదలదు. దానికి మూడు కంతలు: వేణ్ణీళ్లు వచ్చేదొకటి, చన్నీళ్లు వచ్చేదొకటి, రెండూ కలిసి పోయేదొకటి. పై బిళ్ల అడుగున ఒక పల్లం. లివర్ ఎత్తితే ఆ పల్లం కంతల మీదికి జరుగుతుంది; పక్కకి తిప్పితే ఒక కంతను మూస్తూ రెండోదాన్ని తెరుస్తుంది. ఆ బిళ్లల నునుపు ఎంతటిదంటే, తడిమీద ఒకదానికొకటి అంటుకుపోతాయి. వాటి మధ్య వాచరు లేకుండానే నీళ్లు ఆగేది అందుకే. ట్యాంకులోంచి ఇసుక రేణువొకటి దూరి గీత పెట్టిందా, ఇక రాత్రంతా టపటపా చుక్కలే.

రెండు పిడుల కుళాయి దగ్గర 1937లో చేతులు కాలబోయి, అమెరికాలో ఆల్ మోయెన్ అనే కుర్రాడు ఈ ఒంటి పిడి సంగతి ఆలోచించాడు. అది బజారుకెక్కేసరికి 1947 అయింది. ఇంగ్లండులో పాత ఇళ్లయితే ఇప్పటికీ వేణ్ణీళ్లకో కుళాయి, చన్నీళ్లకో కుళాయి. అక్కడ చన్నీళ్లు వీధి పైపు నుంచి తిన్నగా వచ్చేవి; వేణ్ణీళ్లు అటక మీది తొట్టి నుంచి దిగేవి. తొట్టినీళ్లు తాగేవి కావు. అవి ఎక్కడ వెనక్కి తన్ని మంచినీళ్లలో కలుస్తాయోనని రెంటినీ కలవనివ్వలేదు. బేసిన్‌కి బిరడా పెట్టి, రెండూ నింపుకుని మొహం కడుక్కోమన్నారు. అంటే మన బకెట్ పద్ధతే.

మన అపార్ట్‌మెంట్లలో మామూలుగా రెండూ ఒకే ట్యాంకు నుంచి వస్తాయి కనక ఆ భయం తక్కువ. బదులుగా ఇంకోటుంది: వంటింట్లో ఎవరో చన్నీళ్ల కుళాయి తిప్పగానే బాత్రూములోంచి కేక వినిపిస్తుంది.

బకెట్ దగ్గర ఈ తంటాలేవీ లేవు. 60 డిగ్రీల నీళ్లు మూడు పాళ్లు, 25 డిగ్రీలవి నాలుగు పాళ్లు కలిపితే 40 డిగ్రీలు. ఆ లెక్కన పదిహేను లీటర్ల గీజరుతో ముప్పై అయిదు లీటర్ల స్నానం నడుస్తుంది. మా అమ్మమ్మకి ఈ లెక్కలు తెలియవు. కాగులో మరిగిన నీళ్లకి చన్నీళ్లు తొరిపి, చంటిపిల్లలకైతే మోచెయ్యి ముంచి చూసేది. పొయ్యి దగ్గర బండబారిన అరచేతికి తెలియని వేడి మోచేతికి తెలుస్తుంది. 60 డిగ్రీల నీళ్లు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి కనక ఆ జాగ్రత్త ఊరికే పోయింది కాదు. ఆవిడ కలిపి, చూసి, ఆ తరవాత పోసేది. కుళాయి కలుపుతూనే పోసేస్తుంది. చూడటం మన ఒంటి మీదే జరగాలి.

చూసి పోసే కుళాయి కూడా వచ్చింది. థర్మోస్టాటిక్ మిక్సర్‌లో మైనం నింపిన చిన్న గుళిక ఉంటుంది. కలిసిన నీళ్లు దాన్ని తాకుతూ పోతాయి. వేడి ఎక్కువైతే మైనం ఉబ్బి, వేణ్ణీళ్ల దారిని ఇరుకు చేస్తుంది. 38 డిగ్రీల దగ్గర ఒక గుండీ అడ్డుంటుంది; నొక్కితేగాని పిడి దాటదు.

అయితే దానికైనా ఒకవైపు చన్నీళ్లు అందాలి. మే నెలలో, విజయవాడలో, మధ్యాహ్నం మూడింటికి ఎక్కణ్ణించి తెస్తాం? డాబా మీది నల్ల ట్యాంకు నీళ్లు నీలిచుక్క కుళాయిలో చెయ్యి పెట్టనివ్వవు. స్విచ్ వెయ్యని గీజరులో, నీడపట్టున ఆగిన నీళ్లే ఇంటిమొత్తానికి చల్లన. తెలిసినవాళ్లు అప్పుడు ఎర్రచుక్క వైపు తిప్పుకుంటారు. అదీ మహా అయితే ఒక్క బకెట్టు. రెండోవాళ్లు సాయంత్రం దాకా ఆగాలి.